సంఘం గ్రూపులో నా ఎమ్మెస్సీ

ఎమ్మెస్సీ చదవాలా వద్దా అని నేను తేల్చుకోకముందే, చదువుతున్నానన్న సంగతి సూరత్‌లో ఉధ్నా నుంచి భేస్తాన్ దాకా ఉన్న తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది. ఎవరు చెప్పారంటే నేనే. నా గొంతుతో, గుక్క తిప్పుకోకుండా, వాట్సాప్‌లో. ఆ వాయిస్ మెసేజ్ ఇప్పటికీ మా పెద్దబాపు ఫోన్‌లో ఉంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో కాస్త తీరిక దొరికితే చాలు, తీసి వినిపిస్తుంటాడు.

మొదటి లాక్‌డౌన్ రోజులవి. నాది డిగ్రీ చివరి సంవత్సరం, స్టాటిస్టిక్స్. పరీక్షలు ఎప్పుడో తెలియదు, అసలు ఉంటాయో లేదో తెలియదు. మేముండేది ఉధ్నాలో, రెండు గదుల అద్దె ఇంట్లో. మా వంటింటి గోడకు అవతల సంచాల కార్ఖానా. పవర్‌లూమ్‌ను సూరత్‌లో సంచా అంటారు. మా బాపు ఆ కార్ఖానాలోనే కారీగర్, అంటే సంచా నడిపే పనివాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ గోడ ఎప్పుడూ వణుకుతూనే ఉండేది. అమ్మ గ్లాసులు గోడకు దూరంగా సర్దేది. లేకపోతే అవి వాటంతట అవే నడుచుకుంటూ వచ్చి కింద పడేవి.

ఆ చప్పుడులో బతికినవాళ్లకు రెండు అలవాట్లు వస్తాయి. ఒకటి, పక్కన కూర్చున్న మనిషితో కూడా వీధి చివరి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడటం. రెండు, సైగలు. సంచాల మధ్య గొంతు వినపడదు కాబట్టి కారీగర్లు చేతులతో మాట్లాడుకుంటారు. బాపు ఇంట్లోనూ అంతే. చెయ్యి ఎత్తి వేళ్లు గిరగిరా తిప్పాడంటే "నడుస్తున్నదా?" అని. మనం అరచెయ్యి ఎత్తి చూపిస్తే "నడుస్తున్నది" అని. అన్నం ఉడికిందా అనీ, నీళ్లొస్తున్నాయా అనీ, నా కాలేజీ ఎలా ఉందనీ, అన్నిటికీ ఆ ఒక్క సైగే.

లాక్‌డౌన్‌తో ఆ గోడ ఆగిపోయింది. నేను ఎగిరి గంతేశాను, ఇప్పుడైనా ప్రశాంతంగా ఫోన్ చూసుకోవచ్చని. బాపుకు మాత్రం మధ్యాహ్నం కునుకు పట్టడం లేదు. రాత్రి పాళీ చేసొచ్చి పగలు పడుకునే అలవాటు ఆయనది.

"ఏందే ఇది, చెవులల్ల దూది పెట్టినట్టున్నది," అన్నాడు ఒకరోజు. "నీ ఫోన్ల లేనిదంటు లేదంటవ్ గదా. సంచాల సప్పుడు ఉంటదా చూడు."

వెతికి పెట్టాను. ఏ దేశందో ఏమో, ఒక మిల్లు వీడియో. బాపు కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచి, "వీని సంచాకు నూనె పెట్టక ఎన్ని రోజులైందో," అని గొణిగి, మళ్లీ మూసుకుని గురక పెట్టాడు. నా డేటా అంతా ఆయన నిద్రకే అయిపోయింది.

ఇక సంఘం సంగతి. ఊళ్ల నుంచి వచ్చి సంచాల మీద బతికే తెలుగువాళ్లకు భేస్తాన్‌లో ఒక సంఘం ఉంది. బాపు వాళ్ల అన్న, అంటే మా పెద్దబాపు, దానికి అధ్యక్షుడు. నెలకోసారి ఆదివారం మీటింగు. కూర్చుని ఎంతసేపు మాట్లాడినా అది ముచ్చట. లేచి నిలబడి మాట్లాడితే మాత్రం అది మాట. నిలబడి "తాగుడు మానేస్తా" అన్నవాడు మానాలి, "మా తమ్మునితో కలిసిపోతా" అన్నవాడు కలిసిపోవాలి. కాగితం లేదు, సంతకం లేదు. నిలబడటమే సంతకం.

లాక్‌డౌన్‌లో మీటింగులు లేవు. అందరినీ వాట్సాప్ గ్రూపులో చేర్చమని పెద్దబాపు నాకు పురమాయించాడు. చేర్చాను. టైపింగ్ కష్టమని ఎక్కువమంది గోల పెడితే, వాయిస్ మెసేజ్ పెట్టడం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మరీ నేర్పించాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నానని అప్పుడు తెలియలేదు. గ్రూపు తయారవగానే పెద్దబాపు మొదటి మెసేజ్ పెట్టాడు: "ఇప్పటి సంది గ్రూపే సంఘం. ఇందుల పెట్టిన మాట, నిలబడి చెప్పిన మాట లెక్కనే."

మనవాళ్లు దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ఇంట్లో ఒక్కరే ఉన్నా సరే, వాయిస్ మెసేజ్ పెట్టాలంటే లేచి నిలబడేవారు. మా బాపు అయితే లుంగీ సర్దుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, ఫోన్‌ను రెండు చేతులతో నోటి ముందు పట్టుకుని నిలబడేవాడు. "రేషన్ బియ్యం ఏ టైముకిస్తున్నరు?" అని అడగడానికి ఇంత తతంగం.

ఆ గ్రూపులో రోజంతా అవే ముచ్చట్లు. ఊరికి బస్సు ఎప్పుడు, రైలు ఎప్పుడు, ఎవరికి జ్వరం, ఎవరింట్లో గ్యాస్ అయిపోయింది. చాలామంది వెళ్లిపోయారు. మేం వెళ్లలేదు. "పిల్ల పరీక్షలు ఎప్పుడు పెడ్తరో ఏమో, ఊరికి పోయి చిక్కుపడితే ఎట్ల?" అని బాపు ఉండిపోయాడు. ఆ ముక్క ఆయన నా ముందు ఒక్కసారే అన్నాడు. మళ్లీ ఎత్తలేదు.

నా ముందు అప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, ఇక్కడే యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి ఎంట్రన్స్ రాయడం. రెండోది, రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఒక చీరల సేఠ్ దగ్గర ఉద్యోగం. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చి, ఫోన్‌లో లైవ్ పెట్టి మన తెలుగు రాష్ట్రాల వాళ్లకు చీరలు అమ్మే పిల్ల కావాలన్నాడు. లాక్‌డౌన్‌కు ముందు ట్రయల్‌గా ఒక లైవ్ చేశాను. ఒకావిడ "రంగు పోతుందా అండీ?" అని అడిగితే, "మీరు ఉతికే తీరును బట్టి ఉంటుందండీ," అన్నాను. సేఠ్ పక్కకు పిలిచి, కోపం తగ్గించుకోమని, "బేటా, గుస్సా థోడా కమ్ కరో," అన్నాడు. కానీ చీరలన్నీ అమ్ముడుపోయాయి. నాకు ఆ పని నచ్చింది కూడా. ఫోన్ పట్టుకుంటే తిట్టే లోకంలో, ఫోన్ పట్టుకున్నందుకే జీతం ఇస్తానన్నవాడు ఆయనొక్కడే.

లాక్‌డౌన్‌లో యూనివర్సిటీ బంద్, మార్కెట్టూ బంద్. తేల్చుకోవాల్సిన అవసరం లేదు కాబట్టి నేను హాయిగా తేల్చుకోవడం మానేశాను. ఎవరైనా అడిగితే, "చూద్దాం," అనేదాన్ని. అమ్మ అయితే ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తూ, "చూడు చూడు, ఫోన్ల చూడు, కనపడ్తదేమో," అనేది.

ఒకరోజు స్నానం చేసి వచ్చేసరికి బాపు ఫోన్ మంచం మీద ఆగకుండా మోగుతోంది. బాపు కిటికీ దగ్గర నిలబడి బయటకు చూస్తున్నాడు. ఆయన అలా ఏమీ లేని వీధిని శ్రద్ధగా చూస్తున్నాడంటే ఏదో చేశాడన్నమాట. ఫోన్ తీశాను. సంఘం గ్రూపు. పైన బాపు వాయిస్:

"అందరికి నమస్తే. మా బిడ్డ డిగ్రీ అయిపోవట్టె. మీద చదువు చదువాల్నా, మార్కెట్ల కొలువు చెయ్యాల్నా అని ఆగమైతున్నది. పెద్దమనుషులు జర సలహా చెప్పుండ్రి."

కింద సలహాలు క్యూ కట్టి ఉన్నాయి. ఒకాయన బీఈడీ అన్నాడు. ఇంకొకాయన, "నర్సింగ్‌కు ఇప్పుడు మస్తు గిరాకి ఉన్నది," అన్నాడు. ఊరికి వెళ్లే బస్సులో కూర్చుని ఒకాయన, బస్సు రొదలో అరుస్తూ, "స్టాటిస్టిక్స్ అంటే టీవీల కరోనా కేసులు చెప్తున్నరు గదా, గదేనా? మరి కరోనా పోంగనే ఆ కొలువు గూడ పోతది గదనే?" అన్నాడు. పక్క గల్లీలో కారీగర్లకు మెస్ నడిపే అత్త, "రెండూ వద్దుగని నా మెస్‌కు పంపుండ్రి. ఎవడెన్ని రొట్టెలు తిన్నడో లెక్కపెట్టెటోళ్లు లేక సస్తున్న," అంది.

అప్పటిదాకా ఓర్చుకున్నాను. ఆఖరున పెద్దబాపు వాయిస్: "తమ్మీ, పోరి మంచిదే. గాని పొద్దందాక ఫోనే పట్టుకుంటది. ఫోన్ పట్టుకున్న చేతికి మీద చదువు అంటుతదా? ఆలోచన చెయ్యి."

అంతే. బాపు ఫోన్‌లోనే మైక్ నొక్కాను.

"అందరికి నమస్తే. నా చదువు మీద గ్రూపుల ఓట్లేస్తున్నరా? ఎవ్వలన్న నన్ను అడిగిండ్రా? ఫోన్ పట్టుకుంటే చదువు రాదా పెద్దబాపూ? గీ గ్రూపు చేసింది ఏ చెయ్యి? మీకు మైక్ నొక్కుడు నేర్పింది ఏ చెయ్యి? వినుండ్రి. రాస్త. ఎమ్మెస్సీ ఎంట్రన్స్ రాస్త. రాసుడే గాదు, ఆ లిస్టుల మొదటి పేరు నాదే ఉంటది. సూస్కోండ్రి. ఇగ ఎవ్వలు నాకు సలహా చెప్పొద్దు!"

పెద్దబాపు జవాబు వచ్చింది, చాలా తీరిగ్గా: "మాట అందింది. సంఘం విన్నది."

అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. వెంటనే డిలీట్ కొట్టాను. కొట్టగానే మెస్ అత్త నుంచి మెసేజ్: "ఏం తీసేసినవే? మల్ల పెట్టు. నేను సగమే విన్న." ఆమె బాధ తీర్చడానికి పెద్దబాపు తన దగ్గర దాచుకున్నది మళ్లీ పెట్టాడు. ఆలోపే దాన్ని ఎవరో ఊరి గ్రూపుకు కూడా పంపేశారు. సాయంత్రానికి ఊళ్లోని మేనత్త ఫోన్ చేసి, "మొదటి సీటంట గదా!" అంది.

నేను పెద్దబాపుకు ఫోన్ చేసి వాదించాను. "నేను కోపంల అన్న. అది మాట గాదు."

"నిలబడి అన్నవా, కూసోని అన్నవా?"

"కూసోనే అన్న."

"ఫోన్ మీ అమ్మకియ్యి."

అమ్మ చేతిలో జిగురు బ్రష్‌తో వచ్చి స్పీకర్‌లో సాక్ష్యం చెప్పింది. "నిలబడే అన్నది బావగారూ. నిలబడుడేంది, అటిటు తిరుక్కుంట అన్నది. తలుపు గూడ ఒకసారి తన్నింది."

"తలుపు తన్నిందంటే ఇగ పక్కా మాటనే," అన్నాడు పెద్దబాపు.

అలా మొదలైంది నా ప్రిపరేషన్. నాది కాదు, సంఘానిది.

రోజూ తెల్లారగానే భేస్తాన్ నుంచి పెద్దబాపు ఫోన్. "లేచినవా?"

"లేచిన."

"ఏడున్నవ్?"

"పుస్తకం ముందట."

"దుప్పటి సప్పుడు ఇనపడ్తున్నదేందే మరి? పుస్తకానికి సలిపెడుతున్నదా?"

రెండో రోజు నుంచి వీడియో కాల్ చేయడం మొదలుపెట్టాడు. అది నేర్పింది కూడా నేనే.

మెస్ అత్త రోజూ ఒక డబ్బా నిండా బెండకాయ వేపుడు పంపేది. బెండకాయ తింటే లెక్కలొస్తాయని ఆమెకు గట్టి నమ్మకం. మూడు పూటలా బెండకాయే. వారం తిరిగేసరికి లెక్కలు రాలేదు కానీ, డబ్బా మూత తీయకుండానే అందులో ఎన్ని ముక్కలున్నాయో అంచనా వేయగలిగే స్థితికి వచ్చాను.

బాపు కార్ఖానా పద్ధతి పెట్టాడు. నాకు దిన్ పాళీ. పాళీ మొదలయ్యాక గేటు దాటకూడదు. కార్ఖానాలో మాస్టర్ తిరిగినట్టు చేతులు వెనక్కి కట్టుకుని నా చుట్టూ తిరిగేవాడు. నేనేం చదువుతున్నానో ఆయనకు తెలియదు. చదవడం ఎప్పుడు ఆపేశానో మాత్రం చటుక్కున తెలిసిపోయేది. నేను పీడీఎఫ్ నుంచి రీల్స్‌లోకి జారానో లేదో, వెనక నుంచి "పోగు తెగింది," అని గొంతు వినిపించేది.

"ఫోన్‌లోనే చదువుతున్న బాపూ!"

"చదివేటప్పుడు నీ బొటనేలు ఇంత జోరుగ నడువది."

నా తరఫు ప్రిపరేషన్ కూడా తక్కువదేం కాదు. పాత ప్రశ్నపత్రాలు, నోట్సు, మాక్ టెస్టులు, అన్నీ డౌన్‌లోడ్ చేశాను. వాటికి ఫోల్డర్లు పెట్టాను. ఫోల్డర్లకు రంగులు వేశాను. టైమ్‌టేబుల్ కోసం ఒక యాప్ పెట్టాను. అది గంట గంటకూ గుర్తు చేస్తుంటే చిరాకేసి తీసేశాను. ఎంట్రన్స్‌కు ఎలా చదవాలో చెప్పే వీడియోలు అన్నీ చూశాను. ర్యాంకులు వచ్చినవాళ్లు ఎన్నింటికి లేస్తారో, ఏం తాగుతారో నాకు తెలుసు. ఫోన్ దూరంగా పెట్టి చదవండి అని వాళ్లందరూ చెప్పారు. అది కూడా ఫోన్‌లోనే విన్నాను. ఇంత పని చేశాక ఒక మాక్ టెస్టు రాస్తే, ప్రాబబిలిటీ గట్టెక్కింది, మ్యాట్రిసెస్ మునిగిపోయింది.

అసలు చిక్కు మ్యాట్రిసెస్ కాదు. పుస్తకం తెరిచిన ప్రతిసారీ, ఇది నేను చదువుతున్నానా, వీళ్లు చదివిస్తున్నారా అని మనసు పీకేది. చదివితే సంఘం మాట విన్నట్టు. మానేస్తే మాట తప్పినట్టు. నాకంటూ మిగిలిన దారేది? ఎవరూ ఏమీ అనకపోతే ఈపాటికి సగం సిలబస్ అయిపోయేదని అమ్మతో అన్నాను.

"ఎవ్వలేం అనకముందు గూడ చూసిన గద బిడ్డా, ఎంత అయిందో," అంది అమ్మ.

నెమ్మదిగా ఊరు తెరుచుకుంది, డిగ్రీ పరీక్షలూ ఎలాగో అయ్యాయి. వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు, అందరూ కాదు. కార్ఖానాలో కొన్ని సంచాలు నడవడం మొదలైంది. గోడ సగం సగం వణికేది. బాపుకు మధ్యాహ్నం కునుకు పట్టింది. నాకు కూడా, ఆశ్చర్యంగా, ఆ చప్పుడు మొదలయ్యాకే లెక్క మీద ధ్యాస నిలిచింది.

అప్పుడు రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. యూనివర్సిటీ ఎంట్రన్స్ తారీఖు చెప్పింది. చీరల సేఠ్ ఫోన్ చేసి, దుకాణం తెరుస్తున్నాను, రోజూ లైవ్ పెట్టాలి, వెంటనే రా, లేకపోతే వేరే పిల్లను చూసుకుంటాను అన్నాడు. రెండూ కుదరవు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చీరలు విప్పి చూపించి వచ్చి మ్యాట్రిసెస్ చదవడం నా వల్ల అయ్యే పని కాదు. ఇక "చూద్దాం" అనడానికి వీల్లేకుండా పోయింది.

మాస్క్ కట్టుకుని ఆటో ఎక్కి భేస్తాన్ వెళ్లాను. పెద్దబాపు వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. దూరంగా ఇంకో కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"నా మాట నాకు వాపస్ కావాలె," అన్నాను.

"తీస్కో."

యుద్ధానికి సిద్ధమై వెళ్లినదాన్ని నేను. "తీస్కో అంటే?"

"తీస్కో అంటే తీస్కో. సంఘమేమన్న జైలా? ఇచ్చేటప్పుడు నిలబడ్డవ్ గదా, వాపస్ తీసుకునేటప్పుడు గూడ నిలబడాలె. ఎందుకో ఒక్క ముక్క చెప్పాలె. గంతే. మన దాంట్ల ఒకాయన ఉన్నడు, తంబాకు ఇడిసిపెడ్త అని మాటిచ్చుడు, మల్ల వాపస్ తీసుకునుడు, గదే పని ఆయనకు. ఎవ్వలన్న ఏమన్నరా?"

"ఇంత అల్కగ అయితదని ముందే చెప్పొచ్చు గదా! ఇన్ని రోజుల సంది బెండకాయ తింటున్న నేను!"

"నువ్వడిగినవా? సలహా చెప్పొద్దంటివి." పెద్దబాపు నవ్వు ఆపుకోవడానికి మాస్క్ పైకి లాక్కున్నాడు. "మార్కెట్ కొలువు గూడ మంచిదే బిడ్డా. నిన్ను చూసి ఇద్దరు భయపడి కొంటరు. నీ ఇష్టం."

నీ ఇష్టం. ఇన్నాళ్లు ఈ మాట కోసమే కదా నేను అందరితో కొట్లాడింది. తీరా చేతికిచ్చాక దారి పొడుగునా ఆటోలో అది బరువుగా అనిపించింది. కోపం చూపించడానికి కూడా ఎదురుగా ఎవరూ లేరు.

ఇంటికొచ్చి గది మధ్యలో నిలబడ్డాను. అమ్మ గోడ వారన కూర్చుని చీరకు రాళ్లు అంటిస్తోంది. మైక్ నొక్కాను. "అందరికి నమస్తే. ఎమ్మెస్సీ రాస్త అన్న మాట వాపస్ తీసుకుంటున్న. ఎందుకంటే..." ఆగాను. తీసేశాను. మళ్లీ నొక్కాను. "ఎందుకంటే మీరందరు చెప్తే నేను చదువ..." విని చూసుకుంటే చిన్నపిల్ల చాక్లెట్ కోసం ఏడ్చినట్టుంది. తీసేశాను. "ఎందుకంటే నాకు చీరల పని..." అది అబద్ధం కాదు. కానీ ఆ ముక్క పూర్తి చేయడానికి నోరు రావడం లేదు.

సరిగ్గా అప్పుడే గ్రూపులో ఒక మెసేజ్ పడింది. పాత బస్సాయనే, ఊరి నుంచి తిరిగొచ్చాడు. "జాగ్రత్త! మన దిక్కు ఒక్క రోజులనే కేసులు డబుల్ అయినయంట. మల్ల అంతా బంద్ జేస్తరంట. ఎల్లేటోళ్లు ఇప్పుడే ఎల్లిపోండ్రి." కింద అప్పుడే నలుగురు బస్సుల గురించి అడుగుతున్నారు.

నేను ఏ మాట కోసం నిలబడ్డానో మర్చిపోయాను.

"అన్నా, కేసులు డబుల్ అయినయంటున్నవ్. టెస్టులు ఎన్ని చేసిండ్రో చూసినవా? నిన్న ఆదివారం, సగం మందికి గూడ చెయ్యలే. ఇయ్యాల రెండు రోజులయి కలిపి చేసిండ్రు. ఎక్కువమందిని చూస్తే ఎక్కువమంది దొరుకుతరు. చెరువుల చిన్న వల వేస్తే తక్కువ చాపలు, పెద్ద వల వేస్తే ఎక్కువ చాపలు. చాపలు పెరిగినట్టా? నూరు మందిని చూస్తే ఎంతమందికి ఉందో అది చెప్పు. అది నిన్నటిలెక్కనే ఉన్నది. ఉత్తగ జనాన్ని ఉరికియ్యకు. మాస్క్ పెట్టుకో, ఇంట్ల ఉండు, గీ సగం లెక్కలు పంపకు!"

పెట్టేసి, ఇంకా కోపం తగ్గక, ఆ రోజు లెక్కలున్న వెబ్‌సైట్ తెరిచి, గీతలు గీసి, ఫోటో తీసి అది కూడా గ్రూపులో పెట్టాను. అమ్మ రెండు సార్లు అన్నానికి పిలిచింది. "ఆగు!" అని అరిచాను. ఆ బస్సాయన "అచ్ఛా, గట్లనా? అయితే మెసేజ్ తీసేస్త తియ్," అనేదాకా కింద కూర్చోలేదు.

కూర్చున్నాక అమ్మ కంచం నా ముందుకు జరిపింది. "నాకొకటి చెప్పు. ఆయనెవడో లెక్క తప్పు చెప్తే నీకేంది?"

"నాకేందంటవేందే? తప్పు గదా అది!"

"లైవ్ల ఒకామె చీర రంగు పోతదా అంటే గూడ నీకు కోపమొచ్చింది."

"వచ్చింది."

"వచ్చింది, అన్నవ్, మరిసిపోయినవ్. కూరల ఉప్పు ఎక్కువైతే నన్ను తిడ్తవ్, తిని పండుకుంటవ్. నీకు అందరి మీద కోపమొస్తది, నాకెరుకే. గాని గీ లెక్క తప్పిందంటే మాత్రం అన్నం ముడ్తలేవ్." అమ్మ ఒక రాయిని వేలి కొనతో నొక్కి, అంటుకుందో లేదో చూసింది. "మీ బాపు గూడ అంతే. ఇంట్ల ఏం ఇరిగినా పట్టదు. పక్క సంచాల పోగు తెగితే మాత్రం ఉరుకుతడు. నేనేం చెప్తలేను తల్లీ. సలహా చెప్పొద్దన్నవ్ గదా."

చల్లారిన అన్నం తిన్నాను. అందులోనూ బెండకాయే.

తిన్నాక లేచి నిలబడ్డాను. ఈసారి మెసేజ్ తీసేయాల్సిన అవసరం రాలేదు.

"అందరికి నమస్తే. ఆ దినం రెండు మాటలిచ్చిన. ఒకటి, మొదటి పేరు నాదే అని. అది కోపంల అన్న. అది వాపస్ తీసుకుంటున్న. రెండోది, రాస్త అని. అది గూడ వాపస్. అది మీ మీద కోపానికి ఇచ్చిన మాట. ఇప్పుడు కోపం లేదు. ఇప్పుడు కొత్తగ చెప్తున్న. నాకు ఆ చదువు కావాలె, అందుకే రాస్త. సీటొస్తదో రాదో తెల్వది. పెద్దబాపూ, పొద్దుగాల ఫోన్ చెయ్యకు. అత్తా, బెండకాయ బంద్ చెయ్యి."

పెద్దబాపు జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది. వెనక ఎవరో నవ్వుతున్నారు. "ఇచ్చిన మాట వాపస్ తీసుకుని మల్ల గదే మాట ఇచ్చుడు మన సంఘంల ఇదే మొదలు. మంజూర్." మెస్ అత్త మాత్రం: "బెండకాయ పనిచేసింది, చూసిండ్రా!"

సేఠ్‌కు ఫోన్ చేసి రానని చెప్పాను. ఆయన సూరత్ సేఠ్, రానంటే ఊరుకుంటాడా. బేరం మొదలుపెట్టాడు. చివరికి ఆదివారం ఒక్కరోజు లైవ్ దగ్గర తెగింది. "గుస్సా ఎగ్జామ్ మే డాల్నా, బేటా, లైవ్ మే నహీ," అన్నాడు.

తర్వాత చదివాను. ఫోల్డర్ల రంగులు మార్చకుండా, ర్యాంకర్లు ఏం తాగుతారో చూడకుండా, మునిగిపోయిన మ్యాట్రిసెస్‌తోనే మొదలుపెట్టి చదివాను. గోడ వణుకుతుంటే దానికి ఆనుకుని కూర్చునేదాన్ని. బాపు నా చుట్టూ తిరగడం మానేశాడు. పాళీకి వెళ్లేముందు మాత్రం గుమ్మంలో ఆగి, చెయ్యి ఎత్తి వేళ్లు తిప్పేవాడు. నేను అరచెయ్యి చూపించేదాన్ని. కొన్ని రోజులు అబద్ధంగానే చూపించాను. కానీ ఎక్కువ రోజులు నిజంగానే నడిచింది.

పరీక్ష హాలు గేటు దగ్గర చేతుల్లో శానిటైజర్ గుమ్మరించారు. ఆ తడి చేత్తో జవాబు పత్రం మీద మొదటి గుండ్రం దిద్దితే సిరా పాకింది. నాకు కోపం నషాళానికి ఎక్కింది. సేఠ్ మాట గుర్తొచ్చి, ఆ కోపాన్ని పేపర్ మీదే చూపించాను.

ఫలితాలొచ్చాయి. మొదటి పేరు నాది కాదు. రెండో పేరూ కాదు. మొదటి విడత సీట్లలో నా పేరే లేదు. రెండో విడతలో, కింద నుంచి వెతికితే త్వరగా దొరికే చోట ఉంది. గ్రూపులో నిలబడి చెప్పాను. పెద్దబాపు అన్నాడు: "శభాష్ బిడ్డా. ఆ మొదటి పేరు మాట వాపస్ తీసుకుని ఎంత తెలివిగల పని చేసినవ్!"

కాలేజీకి కొత్త డ్రెస్సు కుట్టించుకున్నాను. తీరా క్లాసులు ఆన్‌లైన్ అన్నారు. అదే ఇల్లు, అదే గోడ, అదే చాప. మెస్ అత్త డబ్బా పట్టుకొచ్చి, తలుపు దగ్గర నుంచే, "మీద చదువుకు పోతనంటివి, ఈడనే ఉంటివేందే?" అంది. పొమ్మని చెయ్యి ఊపాను.

మొదటి క్లాసు. ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి పెట్టాను. కెమెరా ఆన్, మైక్ ఆఫ్. గోడ అవతల సంచాలు నడుస్తున్నాయి. సార్ శాంపిలింగ్ మొదలుపెట్టాడు. చెరువు అనలేదు, వల అనలేదు, కానీ చెప్తున్నది అదే. ఒక చోట మాత్రం నాకు పోగు తెగింది. అడగాలా వద్దా, అందరూ నవ్వుతారా అని తన్నుకుంటున్నాను.

బాపు పాళీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు. నన్ను చూశాడు, డబ్బాకు ఆనించిన ఫోన్‌ను చూశాడు. చెయ్యి ఎత్తి వేళ్లు తిప్పాడు. అలవాటు కొద్దీ అరచెయ్యి పైకెత్తి చూపించాను. ఆయన తలూపి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఫోన్‌లో సార్ ఆగిపోయాడు. "హా బేటా, హాథ్ ఉఠాయా? పూఛో."

నా అరచెయ్యి చూసి, డౌటు అడగమంటున్నాడు. క్లాసంతా తెర మీది నా చిన్న గడిలోకి చూస్తోంది. మైక్ ఆన్ చేశాను. నా కంటే ముందు సంచాల చప్పుడు లోపలికి వెళ్లింది. దాని మీద నుంచి, పక్క వీధికి కూడా వినపడేంత గట్టిగా, ఆ డౌట్ అడిగాను.